నూట ఎనభై నాలుగో నంబరు జొన్న

మొక్కల ప్రజననం చదివే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. వచ్చి, క్వాంటిటేటివ్ జెనెటిక్స్ పుస్తకం తెరిచి, ఏదో ఒక సమీకరణం మీద వేలు పెట్టి, "మేడం, ఇది అర్థం కాలేదు" అంటారు. పది నిమిషాల్లో చెప్పేస్తాను. అది కష్టం కాదు. చెప్పాక నేనొక ప్రశ్న వేస్తాను: "మీ ప్రయోగానికి విత్తనం వేసిన రోజు మీరు పొలంలో ఉన్నారా?" ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. "అక్కడ మనుషులున్నారు మేడం, వాళ్ళే వేస్తారు" అంటారు.

అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద కాదు. వాళ్ళకు రెట్టింపు వయసున్నప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. దాని ఫలితమేమిటో వాళ్ళకు నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా నాన్న పవర్‌లూమ్ మీద తువ్వాళ్ళు నేసేవాడు. మా అమ్మ బీడీలు చుట్టేది. తాతల నాడు తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. వ్యవసాయం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు వ్యవసాయ కాలేజీలో సీటొచ్చిందని చెబితే మా నాన్న మగ్గం ఆపి మరీ అడిగాడు: "చదువుకునేటోళ్ళు ఎవుసం ఎందుకు చేస్తరే?" నాకు ఇష్టమైనది వ్యవసాయం కాదని, లెక్కలని, ఆ రెండూ కలిసే చోటొకటి ఉందని ఆయనకు చెప్పడం నాకు చేతకాలేదు. చదువయ్యాక ఊరికి కొంత దూరంలో రబీ జొన్న మీద పనిచేసే ఒక పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

నా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఒక జొన్న మొక్క కంకి బరువుగా ఉంది. ఆ బరువులో మొక్క పుట్టుక పాలెంత, అది నిలబడ్డ నేల పాలెంత? పుట్టుక పాలు ఎక్కువైతే దాని విత్తనం వేసుకున్నవాడికి లాభం. నేల పాలు ఎక్కువైతే ఆ విత్తనం ఇంకో పొలంలో వేసినా ఒరిగేదేమీ ఉండదు, మట్టి అక్కడే ఉండిపోతుంది కదా. ఈ పుట్టుక పాలునే పుస్తకంలో హెరిటబిలిటీ అంటారు. దాన్ని తెలుసుకోవడానికి ప్రతి రకాన్నీ ఒక్క చోట కాకుండా పొలంలో మూడు చోట్ల, లాటరీ తీసినట్టు చెల్లాచెదురుగా వేస్తాం. ఒకే రకం పైన గులకరాళ్ళ మొరం నేలలోనూ, మధ్యలోనూ, కింద గట్టు పక్క లోతు రేగడిలోనూ పడాలి. మూడు చోట్లా బాగుంటే అది పుట్టుక. ఒక్కచోటే బాగుంటే అది నేల. ఇంతే. ఇది అర్థం కావడానికి డాక్టరేట్ అక్కర్లేదు. ఆ మాట తర్వాత నాకు చాలా గట్టిగా తెలిసొచ్చింది.

మా కేంద్రం అధిపతిని అందరం పెద్దసార్ అనేవాళ్ళం. మరాఠీ ఆయన. నిజాయితీపరుడు. పొద్దున ఆరింటికల్లా పొలంలో ఉండేవాడు. ఆయనతో ఒక్కటే చిక్కు, తన కన్ను మీద తనకున్న నమ్మకం. చేల మధ్య నడుస్తూ ఒక మొక్క దగ్గర ఆగి, కంకిని అరచేతిలో పెట్టుకుని, "ఇది" అనేవాడు. ఆయన కన్ను చెప్పినదాన్ని అంకెలతో సరిచూడటం నా పని అని నేననుకునేదాన్ని. తన కన్ను చెప్పినదానికి అంకెలు సమకూర్చడం నా పని అని ఆయననుకునేవాడు. అన్నేళ్ళు కలిసి పనిచేసి మేమిద్దరం ఈ తేడా గురించి ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు.

నేను రిటైరవడానికి ఎనిమిదేళ్ళ ముందు సంగతి. పెద్దసార్‌కి ఇంకో మూడు నాలుగేళ్ళ సర్వీసుంది. తన చేతి మీదుగా ఒక కొత్త రకం విడుదల కావాలని ఆయన కోరిక. అందులో తప్పేం లేదు. ఏళ్ళ తరబడి చేసిన సంకరాల్లోంచి రెండు వందల రకాలు తీసి, ఒక పెద్ద ప్రయోగం వేయాలని నిర్ణయించాం. రెండు వందల రకాలు, మూడేసి చోట్ల, ఆరు వందల మడులు. అంటే ఆరు వందల కాగితం పొట్లాలు. ఒక్కో పొట్లంలో గింజలు లెక్కపెట్టి పోయాలి, మీద రకం నంబరు రాయాలి, ఏ పొట్లం తర్వాత ఏది విత్తాలో ఆ వరసలో పేర్చాలి.

సరిగ్గా అప్పుడే మా కేంద్రంలో రోజుకూలీలను తగ్గించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పొట్లాలు కట్టేవాళ్ళు లేరు. దసరా దగ్గరపడుతోంది, నేలలో తడి ఆరకముందే విత్తాలి. నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, బీడీ కార్మికులకు కట్టిన కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటుంది. అప్పటికి నలభై ఏళ్ళుగా బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట పెట్టుకుని, మాట్లాడుతూనే, చూడకుండానే చుట్టేస్తుంది. ఆ వేళ్ళు గింజలు లెక్కపెట్టడంలో యంత్రం కన్నా నయం. పెద్దసార్‌ని ఒప్పించి, విత్తనం డబ్బాలు, పొట్లాలు జీపులో వేసుకుని వెళ్ళాను. చిన్నమ్మ, ఆమె చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు కూర్చున్నారు. పొట్లాల మీద నంబర్లు నేనే రాసుకొచ్చాను, కంప్యూటర్ ఇచ్చిన లాటరీ వరసలోనే, ఏ మడిలో ఏ రకమో చూపే పొలం నక్ష ప్రకారం, అట్టపెట్టెల్లో పేర్చుకొచ్చాను. మొదటిది నూట పన్నెండు, తర్వాత ముప్ఫై ఏడు, ఆ తర్వాత నూట డెబ్బై, అలా.

"నంబరు చూసి ఆ డబ్బాలోంచి గింజలు పొయ్యండి, పొట్లం మూసి పెట్టెలో పెట్టండి" అన్నాను. ఇంకేం చెప్పలేదు. ఎందుకలా గజిబిజిగా ఉందో చెప్పలేదు. చెబితే వాళ్ళకు అర్థం కాదనుకున్నాను. ఇంత చదువు చదివి, అలాంటి పేట్‌లో అదే అన్నం తిని పెరిగినదాన్ని, అలా అనుకున్నాను.

మూడో రోజు వెళ్ళేసరికి అన్నీ సిద్ధం. పెట్టెలకు మూతలు వేసి, తాళ్ళతో కట్టి, గోడవారగా పేర్చి ఉన్నాయి. చిన్నమ్మ చాయ్ ఇచ్చింది.

"ఒక్కటి గూడ తప్పు లేదు బిడ్డా. బరాబర్ చేసినం" అంది.

నేను మూత తీసి చూడలేదు.

విత్తే రోజున నేను పొలంలో ఉండాలి. కాని హెడ్డాఫీసులో సమావేశం, రమ్మని ఫోను. వెళితే తెలిసింది, గత సంవత్సరపు ప్రగతి నివేదికను కొత్త నమూనాలో మళ్ళీ నింపాలట. పాత నమూనాలో ఎడమవైపున్న గడి కొత్త నమూనాలో కుడివైపుకి వచ్చింది. దానికి ఇరవై మంది శాస్త్రవేత్తలను పిలిచారు. మేం గడులు నింపుతుండగా నా ఫోను మోగింది. మా ఫీల్డు అసిస్టెంటు.

ఈయన భవాని పేట్ ఆయన. మగ్గం మీద పనిచేసి, అది మూతపడ్డాక మా కేంద్రంలో చేరాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అందులో వంక పెట్టడానికి లేదు.

"మేడం, పెట్టెలు ఇప్పిన. ప్యాకెట్లు ఎట్లున్నయో అట్లనే వెయ్యాల్నా?"

"ఎట్లున్నయో అట్లనే వెయ్యండి. వరస మాత్రం మార్చకండి" అన్నాను.

"నక్ష కాయితం ఒకసారి చూస్కోవాల్నా?"

"అక్కర్లేదు, పొట్లాలు నక్ష ప్రకారమే ఉన్నాయి. మబ్బు పట్టేలోగా అయిపోవాలి."

"ఠీక్ హై మేడం" అని పెట్టేశాడు. నేను మళ్ళీ గడుల్లో పడ్డాను.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. పూత సమయంలో ఒకసారి, బయటినుంచి వచ్చిన అతిథులతో కలిసి, పొలానికి వెళ్ళాను. అంత అందమైన ప్రయోగాన్ని నేనెప్పుడూ చూడలేదు. పైనుంచి కిందికి మొక్కలు మెట్లు మెట్లుగా ఎత్తు పెరుగుతూ పోయాయి. పక్కపక్క మడులు ఒకదానికొకటి అచ్చం పోలి ఉన్నాయి. "ఎంత తీరుగా వేశారో చూడండి" అని అతిథులకు చూపించాను కూడా. చెల్లాచెదురుగా వేసిన ప్రయోగం అతుకుల బొంతలా ఉండాలి. పొట్టిది, పక్కనే పొడుగుది, ఆ పక్కన ఎండినది. అంత తీరుగా ఉండకూడదు. ఈ విషయం అప్పటికే వందసార్లు పాఠం చెప్పినదాన్ని, మడుల ముందు గుచ్చిన పుల్లల మీది నంబర్లు ఒక్కటంటే ఒక్కటి చదవలేదు.

కోతలయ్యాక, పుల్లల మీది రకం నంబర్ల వారీగా రాసిచ్చిన దిగుబడులతో లెక్కలు వేశాను. పుట్టుక పాలు నా సర్వీసులో ఎన్నడూ రానంత ఎక్కువగా వచ్చింది. ఒక రకం మూడు మడుల్లోనూ దాదాపు ఒకే దిగుబడి. పెద్దసార్ ఎంతో మక్కువతో చేసిన సంకరాలన్నీ నూట యాభై తర్వాతి నంబర్లవి, అవన్నీ పైకి వచ్చాయి. అన్నిటికన్నా పైన నూట ఎనభై నాలుగు. పొలంలో ఆయన వేలు పెట్టి "ఇది" అన్నదీ అదే. ఆయన కన్నూ నా అంకెలూ ఒకే మాట చెప్పడం అదే మొదటిసారి. ఆ రోజు ఆఫీసులో అందరికీ పేడా మిఠాయిలు పంచాడు. నాకు రెండు ఇచ్చాడు.

అంత ఎక్కువ అంకె చూసి నాకు అనుమానం రావాలి. రాలేదు. మంచి అంకె వచ్చినప్పుడు ఎవరూ తిరిగి చూసుకోరు. చెడ్డ అంకె వచ్చినప్పుడే తప్పు వెతుకుతాం. వంద దాకా ఉన్న నంబర్లన్నీ పనికిరానివని రాసి, కింద నా సంతకం పెట్టాను. నూట ఎనభై నాలుగు వేస్తే పాత నాటు జొన్న కన్నా ఎంత అధికంగా పండుతుందో కూడా లెక్కగట్టి నివేదికలో రాశాను.

తర్వాతి సంవత్సరం దాన్నీ, పైకి వచ్చిన మరికొన్నిటినీ మా పొలంలోనూ, ఇంకో రెండు చోట్లా వేశాం. నేను రాసిన ఆధిక్యం రాలేదు. వానలు పడలేదు కాబట్టి అని రాశాం. ఆ మరుసటేడు వానలు పడ్డాయి. అప్పుడూ రాలేదు. మొవ్వు ఈగ తగిలింది అని రాశాం. ఈగ తగిలిన మాట నిజమే, కాని అది పక్కనున్న నాటు జొన్నకూ తగిలింది. అయినా అది పండింది. నేను సాఫ్ట్‌వేర్‌ని అనుమానించాను. సూత్రాన్ని అనుమానించాను. ఒక ఆదివారమంతా కూర్చుని కాగితం మీద చేత్తో లెక్క వేశాను. కంప్యూటర్ చెప్పిందే వచ్చింది. అనుమానించనిది నన్ను నేనే.

పెద్దసార్ మాత్రం ఆగలేదు. రకాన్ని సిఫారసు చేసే కమిటీ సమావేశానికి తేదీ ఖరారైంది. పెంచిన కొత్త విత్తనం పెట్టడానికి గోదాములో చోటు చేయించాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ రైతులకు రాబోయే దసరాకు కొత్త విత్తనం ఇస్తామని మాట కూడా ఇచ్చాడు. ఆ ఊళ్ళలో ఎక్కువ భాగం మొరం నేలలు. జొన్న పండకపోతే వాళ్ళకు ఆ ఏటికి రొట్టె లేదు, పశువులకు చొప్ప లేదు.

సమావేశం ఇంక వారం ఉందనగా చిన్నమ్మకు మోకాలు వాచిందని తెలిసి చూడటానికి వెళ్ళాను. ఆమె కాలు చాపుకుని, అప్పుడు కూడా చాట ఒళ్ళో పెట్టుకునే ఉంది. ఆమాటా ఈమాటా అయ్యాక అడిగింది:

"మల్ల పొట్లాల పని తెస్తలేవేందే? మంచిగుండె ఆ పని. కూసుండి చేసుకునేది."

"తెస్తాను చిన్నమ్మా. మీరు చాలా బాగా కట్టారు."

"కట్టినం గాని, నువ్వు మాత్రం ఎంత పసారా చేసి తెచ్చినవే! నూట పన్నెండంట, దాని పక్కన ముప్పై ఏడంట. పెద్ద చదువు చదివినవ్, ఒక లైను లేదు, ఒక పద్ధతి లేదు. ఈ పిల్లకు తీరికలేక ఎట్ల పడితే అట్ల ఏసింది అనుకున్న. మేమే కూసుండి అంత సాఫ్ చేసినం."

"సాఫ్ చేసినం అంటే?"

"అంటేంది? ఒకటో నంబరువి మూడుండె కద, ఆ మూడు ఒక కట్ట. రెండోదానియి మూడు ఒక కట్ట. దారంతోని కట్టి, ఒకటి కాంచి రెండొందల దాంక లైనుగ పెట్టినం. ఒక దినమంత పట్టింది. నీకు చెప్పలే, మల్ల సిగ్గుపడ్తవని."

నా చేతిలో చాయ్ కప్పు ఉంది. దాన్ని కింద పెట్టాలనిపించింది గాని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఏమైందే? మొకం అట్లైంది?"

"ఏం లేదు చిన్నమ్మా" అన్నాను. ఏం చెప్పను? నువ్వు నా మూడేళ్ళ పని చక్కగా సర్ది పెట్టావని చెప్పనా?

మర్నాడు పొద్దున్నే ఫీల్డు అసిస్టెంటు దగ్గరికి వెళ్ళాను. ఆయన దగ్గర తనదంటూ ఒక నోటుబుక్ ఉండేది, ఏ రోజు ఏం చేశాడో మరాఠీలో రాసుకునేవాడు. విత్తిన రోజు పేజీ తీయించాను. ఒకటి, ఒకటి, ఒకటి. రెండు, రెండు, రెండు. పై మొరం నుంచి మొదలుపెట్టి, కింద గట్టు దాకా, వరసగా రెండు వందలు. పేజీ చివర ఇలా ఉంది: "మేడం ఫోనులో చెప్పారు: ఎలా ఉన్నాయో అలాగే వేయాలి. వరస మార్చకూడదు."

"మీకు అనుమానం రాలేదా?" అన్నాను. నా గొంతు పెరిగింది. "అన్నేళ్ళు విత్తారు కదా! ఒకే నంబరు మూడు పక్కపక్కనే ఎప్పుడైనా వేశారా?"

ఆయన నొచ్చుకోలేదు. "వచ్చింది మేడం. అందుకే కద ఫోన్ చేసిన. రెండుసార్లు అడిగిన" అన్నాడు.

రెండుసార్లు అడిగాడు. నిజమే. నేను గడులు నింపుతున్నాను.

ఇక విషయం విప్పి చెప్పక్కర్లేదు. ఒకే రకం మూడు మడులు పక్కపక్కనే, ఒకే మట్టిలో. అందుకే మూడూ ఒకేలా పండాయి. అందుకే నా పుట్టుక పాలు అంత ఎక్కువ వచ్చింది. నేను కొలిచింది జొన్న పుట్టుక కాదు, మా పొలం వాలు. పెద్దసార్ సంకరాలు చివరి నంబర్లు కావడంతో గట్టు పక్క రేగడిలో పడ్డాయి. మొదటి నంబర్లు మొరంలో పడి ఎండాయి.

నోటుబుక్ పట్టుకుని పెద్దసార్ గదికి వెళ్ళాను. మొత్తం విన్నాడు. నోటుబుక్ మూసి నా వైపు తోశాడు.

"ఆ మొక్కల్ని నేను రోజూ చూశాను" అన్నాడు మరాఠీలో. "నా కన్ను అబద్ధం చెప్పదు."

"మీ కన్ను చూసింది నిజమే సార్. మొక్కలు ఏపుగానే ఉన్నాయి. ఆ ఏపు గట్టు కింది మట్టిది."

"నూట ఎనభై నాలుగు మంచిది కాదని నువ్వు నిరూపించగలవా?"

"లేను. మంచిదని కూడా నిరూపించలేను. మొదటి ఏడు లెక్క తీసేస్తే అది మంచిదనడానికి మన దగ్గర ఏమీ లేదు సార్."

"అయితే వారం ఆగు. సమావేశం కానీ. తర్వాత ఇంకో ప్రయోగం వేసి చూద్దాం."

"తర్వాతంటే రైతులు విత్తేస్తారు."

ఆయన లేచాడు. "ఇన్నేళ్ళూ నా కన్ను మీద నమ్మకం లేదని అంకెలు తెచ్చావు. ఇప్పుడు అంకెలు కూడా తప్పంటున్నావు. మరి నీ ఉద్యోగం దేనికి?"

నోటుబుక్ తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆ వారమంతా కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చిన్నమ్మ మీద చూపిద్దామంటే ఆమె నాకు మేలు చేసింది. ఫీల్డు అసిస్టెంటు చెప్పినట్టు చేశాడు. పెద్దసార్ చేసింది తన సంకరాలను నమ్మడమే. అందరూ తమ తమ పని శ్రద్ధగా చేశారు. పని మీద లేనిది నేనొక్కదాన్నే. మాట్లాడకుండా ఊరుకుందామని కూడా అనుకున్నాను, దాచను. ఊరుకుంటే నా సంతకం నా సంతకంగానే ఉండేది. మొరం నేలల్లో పంట పోతే వానల మీద, ఈగ మీద నెట్టడం మాకు అలవాటే.

సమావేశంలో పదిహేను మంది దాకా ఉన్నారు. పెద్దసార్ నూట ఎనభై నాలుగు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆయన కూర్చోగానే నేను లేచాను.

"మొదటి ఏడాది లెక్కలు తప్పు. ప్రయోగం చెల్లాచెదురుగా వేయలేదు. తప్పు నాది, పొలం నక్ష నేను సరిచూడలేదు. ఈ రకాన్ని ఇప్పుడు సిఫారసు చేయకూడదు."

అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "అమ్మా, రెండేళ్ళ తర్వాత ఇది మీకు ఎలా తెలిసింది? మళ్ళీ విశ్లేషణ చేశారా?"

చేశాను. ఒక ఆదివారమంతా చేశాను. దానివల్ల ఏమీ తెలియలేదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మా చిన్నమ్మ చెప్పింది" అన్నాను.

నవ్వారు. మొదట ఒకరు, తర్వాత గదంతా. నేను వాళ్ళను తప్పుపట్టను, ఆ కుర్చీలో ఉంటే నేనూ నవ్వేదాన్ని. పెద్దసార్ ఒక్కడే నవ్వలేదు. రకాన్ని వెనక్కి పంపారు. రైతులకు మాటిచ్చిన నాలుగు ఊళ్ళకూ ఆయన తానే వెళ్ళి, ఈ ఏడు ఇవ్వలేమని చెప్పి వచ్చాడు. నన్ను పంపలేదు. ఆ మర్యాద ఆయనది. కాని రిటైరయ్యేదాకా పని ఉంటే చీటీ రాసి పంపేవాడే గాని నాతో నోరు విప్పి మాట్లాడలేదు. ఆ సంవత్సరం రావాల్సిన పదోన్నతి నాకు రాలేదు. ఎందుకని నేను అడగలేదు.

ప్రయోగం మళ్ళీ వేయాలి. నివేదికలో నిలిచిన, వంద దాటిన నంబర్ల పొట్లాలతో మళ్ళీ విడీ ఘర్కుల్ వెళ్ళాను. ఈసారి ముందే చెప్పాను: ఇది పసారా కాదు, కావాలని చేసిందే. వరస మారిస్తే ఏమవుతుందో, పోయినసారి ఏమైందో అంతా చెప్పాను. నేల గురించి, గట్టు గురించి, మూడు చోట్ల గురించి. బోర్డు లేకుండా, సూత్రం లేకుండా ఎలా చెప్పాలో తెలియక తడబడ్డాను. చిన్నమ్మ మధ్యలోనే ఆపింది.

"ఆగాగు. కార్ఖానాల మా చెకర్ లెక్కనా?"

"చెకర్ ఎవరు?"

"మేం బీడీలు తీస్కపోతే చూస్తడు చూడు, ఆయన. ఎప్పుడు పై కట్టలే చూస్తడనుకో, మేం మంచియి పైన పెడ్తం. అడుగుకు ఎట్లాంటియి ఉన్నయో ఆయనకేం తెలుస్తది? అందుకే ఒకటి పైకెళ్లి, ఒకటి నడుమ కెళ్లి, ఒకటి అడుగు కెళ్లి తీస్తడు. యాడికెళ్లి తీస్తడో మాకు తెల్వకుంట తీస్తడు. నీదిగూడ గంతే కద?"

నేను రెండేళ్ళు చదివి, ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన విషయం అది.

"ఇది నీకు తెలిసినప్పుడు, అప్పుడెందుకు సర్దావు చిన్నమ్మా?" నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నువ్వు చెప్తే కద. నంబర్లు చూసి గింజలు పొయ్యుమన్నవ్. పోసినం" అంది. మిగతా ఆడవాళ్ళు తలలూపారు. ఒకావిడ, "మేం అప్పుడే అనుకున్నం, అడుగుదమా అని. మేడం కోపానికి వస్తదేమోనని ఊకున్నం" అంది.

ఆ ఏడు విత్తిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చేలోనే ఉన్నాను. ప్రతి పొట్లం మీది నంబరూ నక్షతో నేనే సరిచూశాను. హెడ్డాఫీసు నుంచి నాలుగుసార్లు ఫోనొచ్చింది. ఎత్తలేదు. పంట వచ్చాక చేను అతుకుల బొంతలా, చూడటానికి అసహ్యంగా ఉంది. లెక్కల్లో నూట ఎనభై నాలుగు మధ్యలో ఎక్కడో తేలింది. మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మిగిలిన వాటిలో ఒక్కటి కూడా పాత నాటు జొన్నను దాటలేదు.

అప్పుడు నాకు అసలు విషయం తట్టింది. ఇన్నాళ్ళూ నేను బాధపడింది తప్పు రకాన్ని పైకి ఎత్తినందుకు. అది పట్టుబడింది, ఆగిపోయింది, ఎవరికీ నష్టం లేదు. మరి పారేసినవో? ఒకటి నుంచి వంద దాకా నంబర్లు. మొరం నేలలో పడి, ఎండి, అయినా ఎంతో కొంత పండినవి. మా రైతుల పొలాలు అలాంటివే కదా! ఏదైనా మంచి రకం ఉంటే ఆ వందలోనే ఉండాలి. నేను సంతకం పెట్టి పనికిరావన్నది వాటినే.

పరుగులాంటి నడకతో గోదాముకు వెళ్ళాను. ఫీల్డు అసిస్టెంటు అక్కడ గోనెసంచులు మడతపెడుతున్నాడు.

"ఆ మొదటి వంద నంబర్ల విత్తనం ఎక్కడ పెట్టారు?"

"అవా మేడం? అవి లేవు కద. పెద్దసార్ కొత్త విత్తనానికి జాగ చెయ్యుమన్నడు. మీ కాయితంల పనికిరావని రాసి ఉండె. అన్ని కుప్పపోసి తీసేసినం."

"తీసేసి?"

"పురుగు పట్టనియి మంచిగనే ఉండె, పారేయబుద్ధి కాలే. కూలోళ్ళం తలా కొంచెం ఇండ్లకు తీస్కపోయినం."

నేను సంచుల మీద కూర్చున్నాను. ఆయన నా మొహం చూసి, నన్ను ఓదార్చాలనే కాబోలు, ఒక మాట అన్నాడు.

"రొట్టెలు మస్తు అయినయ్ మేడం. మెత్తగ, తెల్లగ. మా ఇంట్ల ఇంక ఉన్నయా అని అడిగిన్రు."

"ఏ నంబరువి?" అన్నాను. అడుగుతున్నప్పుడే అది ఎంత పిచ్చి ప్రశ్నో నాకు తెలుసు.

"నంబరు యాడుంటది మేడం?" అన్నాడాయన. "అన్ని కలిపినం కద."